మెడలో అట్ట తగిలించుకొని తిరిగిన మనిషి

మన జిల్లా పేరు పూర్తిగా రాయాలంటే ముందు ఆయన పేరు రాయాలి. 2008లో ప్రభుత్వం జిల్లాకు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా అని పేరు పెట్టింది. దరఖాస్తుల్లో, సర్టిఫికెట్లలో అలాగే రాస్తున్నాం. మైపాడు నుంచి బస్సెక్కేటప్పుడు మాత్రం ఎవరైనా నెల్లూరుకే టికెట్టు అడుగుతారు. ఇందులో అగౌరవం ఏమీ లేదు, పొడుగాటి పేరు రోజూ నోట్లో తిరగదు, అంతే. అయితే ఆ పేరుగల మనిషి గురించి మన పిల్లల్ని అడిగితే ఒకే ఒక్క వాక్యం వస్తుంది. ఆంధ్రప్రదేశ్ కోసం 58 రోజులు నిరాహారదీక్ష చేసి ప్రాణం విడిచారు అని. వ్యాసరచన పోటీల కాగితాలు దిద్దిన ఉపాధ్యాయులందరికీ ఈ వాక్యం కంఠతా వచ్చి ఉంటుంది.

ఆ వాక్యంలో చిన్న పొరపాటు ఉంది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది 1956 నవంబరు 1న. శ్రీరాములు గారు అప్పటికి నాలుగేళ్ళ కిందటే పోయారు. ఆయన అడిగింది మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలతో ఆంధ్ర రాష్ట్రం. హైదరాబాదు అప్పటి లెక్కలో లేదు. ఈ పొరపాటు సరిదిద్దడం తేలికే. నాకు ఎక్కువ కష్టం అనిపించేది ఇంకొకటి. ఆ 58 రోజులకు ముందు ఆయనకు 51 ఏళ్ళ జీవితం ఉంది. అందులో చివరి భాగం మన నెల్లూరు వీధుల్లో, మన పెద్దల కళ్ళముందే గడిచింది. దాన్ని మాత్రం మనం దాదాపుగా మరిచిపోయాం. స్వర్ణోత్సవ సంచికలో ఒక మహనీయుడి గురించి రాయమన్నప్పుడు నేను ఈయన్ని ఎంచుకున్నది అందుకే.

శ్రీరాములు గారు 1901 మార్చి 16న మద్రాసు జార్జిటౌనులోని అణ్ణాపిళ్ళై వీధిలో పుట్టారు. తండ్రి గురవయ్య, తల్లి మహాలక్ష్మమ్మ. పూర్వీకులది అప్పటి నెల్లూరు జిల్లా. మన జిల్లా మనిషి మద్రాసులో పుట్టడం ఏమిటని ఇప్పటి పిల్లలు అడగవచ్చు. ఆ రోజుల్లో మద్రాసు మనకు పరాయి ఊరు కాదు. రాజధాని అదే, హైకోర్టు అక్కడే, యూనివర్సిటీ అక్కడే. మన తీరం వెంట పోయే బకింగ్‌హాం కాలువలో ధాన్యం, ఉప్పు, సరుగుడు కట్టెలు వేసుకొని పడవలు మద్రాసుకే పోయేవి. వ్యాపారం మీద వెళ్ళి అక్కడే స్థిరపడిన నెల్లూరు కుటుంబాలు వందలు. జార్జిటౌను సందుల్లో తెలుగు వినపడని సందు ఉండేది కాదు. ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి, ముందుముందు దీనితో పని ఉంది.

ఇరవై ఏళ్ళు వచ్చేదాకా చదువు మద్రాసులోనే. తరువాత బొంబాయి వెళ్ళి విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూటులో శానిటరీ ఇంజనీరింగు చదివారు. అంటే మురుగు కాలువలు, మంచినీళ్ళు, ఊరి పారిశుద్ధ్యం చదువు. గ్రేట్ ఇండియన్ పెనిన్సులార్ రైల్వేలో ఉద్యోగం వచ్చింది. పెళ్ళయింది. సుమారు నాలుగేళ్ళు ఆ ఉద్యోగం చేశారు. సాఫీగా సాగి ఉంటే రైల్వే ఇంజనీరుగా పింఛను తీసుకొని, ఏ బొంబాయిలోనో మద్రాసులోనో ఇల్లు కట్టుకొని ఉండేవారు. మనకు ఆయన పేరు కూడా తెలిసేది కాదు.

1928 ప్రాంతంలో పుట్టిన బిడ్డ పోయింది. కొద్ది రోజులకే భార్య కూడా పోయింది. ఆ దెబ్బతో ఆయన ఉద్యోగం వదిలేశారు. తన వాటా ఆస్తిని తల్లికి, అన్నదమ్ములకు పంచి ఇచ్చి సబర్మతి ఆశ్రమానికి గాంధీజీ దగ్గరికి వెళ్ళిపోయారు. ఆలుబిడ్డలు పోయిన మనిషి విరక్తితో సన్యాసం పుచ్చుకోవడం మన దేశంలో కొత్త కాదు. ఈయన హిమాలయాలకు పోలేదు, నూలు వడికే చోటికి, దొడ్లు కడిగే చోటికి వెళ్ళారు. చదివిన చదువు అక్కడ వృథా పోలేదని నేను అనుకుంటాను. పారిశుద్ధ్యం నేర్చిన ఇంజనీరుకు ఊరిని శుభ్రం చేసేవాళ్ళని ఊరు ఎందుకు ముట్టుకోదన్న ప్రశ్న ఎదురవకుండా ఉండదు కదా.

1930లో ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళారు. తరువాత గుజరాత్‌లో రాజ్‌కోట్ దగ్గర, మన కృష్ణా జిల్లా కొమరవోలులో యెర్నేని సుబ్రహ్మణ్యం గారు నడిపిన గాంధీ ఆశ్రమంలో గ్రామసేవ చేశారు. వ్యక్తి సత్యాగ్రహంలోనూ, 1942 క్విట్ ఇండియా ఉద్యమంలోనూ మళ్ళీ జైలు. ఆ తరంలో ఇలాంటి జీవితం గడిపినవాళ్ళు ఇంకా ఉన్నారు. మన ఇందుకూరుపేట మండలంలోనే, పెన్న ఒడ్డున పల్లెపాడులో, గాంధీజీ చేతుల మీదుగా 1921లో ఆశ్రమం మొదలైంది. పొణకా కనకమ్మ గారు, దిగుమర్తి హనుమంతరావు గారు, చతుర్వేదుల కృష్ణయ్య గారు దానికి ఊపిరి పోసినవాళ్ళు. కాబట్టి ఖద్దరు కట్టినవాళ్ళు, రాట్నం తిప్పినవాళ్ళు ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. అయినా శ్రీరాములు గారు నెల్లూరు వచ్చి చేసిన పని చాలామందికి మింగుడు పడలేదు.

మూలపేట వేణుగోపాలస్వామి గుడి నెల్లూరు వెళ్ళినవాళ్ళందరికీ తెలిసిందే. ఆ గుడిలోకి హరిజనులకు, అంటే ఇప్పటి మాటలో దళితులకు, ప్రవేశం లేదు. 1946లో ఆ తలుపు తెరవాలని శ్రీరాములు గారు నిరాహారదీక్షకు కూర్చున్నారు. తలుపు తెరుచుకుంది. ఒక గుడితో ఆయన ఆగలేదు. అదే ఏడాది నవంబరులో మద్రాసు రాష్ట్రంలోని గుళ్ళన్నీ అందరికీ తెరవాలంటూ మళ్ళీ ఆమరణ దీక్ష తలపెట్టారు. అప్పుడు కాంగ్రెసు పెద్దల దృష్టంతా వచ్చే స్వాతంత్ర్యం మీద ఉంది. ఇప్పుడీ గొడవ ఎందుకని నచ్చజెప్పబోయారు, ఆయన వినలేదు. చివరికి గాంధీజీ చేత చెప్పించాల్సి వచ్చింది. ఆయన మాట మీద దీక్ష విరమించారు. గాంధీజీకి ఈయనంటే నమ్మకమూ ఉంది, ఈయన పట్టుదల చూస్తే కొంచెం భయమూ ఉంది. గట్టి పనివాడే కానీ మనిషి కాస్త విడ్డూరం అన్నది ఆయన అభిప్రాయం. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవాలయ ప్రవేశ చట్టం చేసింది. ఆ చట్టం ఒక్కరి వల్ల రాలేదు, అనేకమంది కృషి ఉంది. ఆ అనేకమందిలో మన నెల్లూరు నుంచి తన ఒంటిని పణంగా పెట్టినవారు ఈయన. తరువాత ఇంకో దీక్ష చేశారు. అధికారులు వారానికి ఒక రోజయినా హరిజన సేవకు కేటాయించాలని కలెక్టర్లకు ఉత్తర్వు వచ్చేదాకా వదలలేదు.

చట్టం వచ్చినంత మాత్రాన వీధి మారదని ఆయనకు తెలుసు. అందుకని హరిజనుల గురించి అట్టల మీద నినాదాలు రాసి, ఆ అట్ట మెడలో తగిలించుకొని నెల్లూరు వీధుల్లో తిరిగేవారు. కాళ్ళకు చెప్పులు లేవు, తలకు గొడుగు లేదు. నెల్లూరు ఎండ ఎలాంటిదో ఈ సంచిక చదివేవాళ్ళకు నేను చెప్పాల్సిన పని లేదు. మే నెలలో మిట్టమధ్యాహ్నం పెద్దబజారు వైపు చెప్పుల్లేకుండా పది అడుగులు వేస్తే తెలుస్తుంది. ఆయన రోజుల తరబడి తిరిగారు. జనం పిచ్చివాడన్నారు. పిల్లలు వెంటబడి ఉంటారు, అంగళ్ళ మీద కూర్చున్నవాళ్ళు నవ్వుకొని ఉంటారు. అలాంటి మనిషి మన వీధిలో కనపడితే మనం ఇప్పుడు మాత్రం ఏం చేస్తామో ఎవరికి వారు ఆలోచించుకోవాల్సిన విషయం.

ఆయన్ని పిచ్చివాడనుకోవడం ఆ తరువాత చాలా ఖరీదైన పొరపాటయింది. ఎలాగో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళి భాషల సంగతి చెప్పుకోవాలి.

ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీలో తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం, ఒడియా మాట్లాడేవాళ్ళందరూ ఒకే ప్రభుత్వం కింద ఉండేవారు. పై కచేరీల్లో ఇంగ్లీషు. కింది ఉద్యోగాల్లో ఎవరు ముందుగా ఇంగ్లీషు చదువుకొని రాజధానికి దగ్గరగా ఉంటే వారిదే పైచేయి. తెలుగువాళ్ళు తమిళుల పెత్తనం గురించి సణిగేవారు. ఇందులో మనం మరిచిపోయే ఇంకో కొస కూడా ఉంది. పైన గంజాం జిల్లాలో ఒడియావాళ్ళు తెలుగు ఉద్యోగుల పెత్తనం గురించి అచ్చం అలాగే సణిగేవారు. మనకు తమిళులు ఎలాగో, వాళ్ళకు మనం అలాగ.

ఒడియావాళ్ళ కథ ఇంకా చేదు. వాళ్ళ జనం బెంగాలు, మధ్య పరగణాలు, మద్రాసు అని మూడు ప్రభుత్వాల కింద చీలిపోయి ఉన్నారు. 1870లో ఒక బెంగాలీ పండితుడు ఒడియా అసలు వేరే భాషే కాదని పుస్తకం రాశాడు. ఇదేదో పండితుల వాదం అనుకుంటే పొరపాటు. ఒడియా వేరే భాష కాదంటే బళ్ళలో ఒడియా పుస్తకాలు అక్కర్లేదు, ఒడియా పంతుళ్ళూ అక్కర్లేదు. ఫకీర్ మోహన్ సేనాపతి వంటివారు దాన్ని ఎదిరించి, తమ భాషలో పాఠ్యపుస్తకాలు, పత్రికలు నిలబెట్టుకొచ్చారు. సంబల్‌పూర్‌లో కచేరీ భాషగా ఒడియాను తీసేసి హిందీ పెడితే కొన్నేళ్ళు పోరాడి 1903లో తిరిగి తెచ్చుకున్నారు. ఆ ఏడాదే మధుసూదన్ దాస్ ఉత్కళ సమ్మిళనిని మొదలుపెట్టారు. 33 ఏళ్ళ తరువాత, 1936 ఏప్రిల్ 1న, ఒడిస్సా రాష్ట్రం వచ్చింది. దేశంలో భాష పేరు మీద ఏర్పడ్డ మొదటి రాష్ట్రం అదే.

అప్పుడే గీసిన ఆ గీత మనవాళ్ళనూ కోసింది. పర్లాకిమిడి ఒడిస్సాలోకి వెళ్ళింది. వ్యావహారిక భాషకు పట్టం కట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు జీవితమంతా గడిపిన ఊరు అది. సవరల భాష నేర్చి వాళ్ళకు వాచకాలు రాసిన మనిషి, ముసలితనంలో ఆ ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. భాష పేరుతో గీత గీస్తే గీతకు ఆ వైపున ఎవరో ఒకరు మిగిలిపోతారు. బరంపురంలో ఇప్పటికీ తెలుగు ఇళ్ళు ఉన్నాయి.

ఒడియావాళ్ళకు 1936లో వచ్చింది మనకెందుకు రాలేదు? అడగడం మనమూ ఆలస్యంగా మొదలుపెట్టలేదు. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. కానీ మనలో మనకే అనుమానాలు. రాయలసీమ, నెల్లూరు వాళ్ళు వెనకాడారు. నెల్లూరుకు మద్రాసు దగ్గర. కొత్త రాష్ట్రం వస్తే డెల్టా జిల్లాలవాళ్ళు నీళ్ళూ ఉద్యోగాలూ పట్టుకుపోతారని భయం. ఆ భయం తీర్చడానికే 1937 నవంబరులో శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్ళ వాడకంలో పదేళ్ళపాటు రాయలసీమకూ నెల్లూరుకూ ముందు అవకాశం ఇవ్వాలని అందులో ఉంది. శ్రీబాగ్ అనగానే రాయలసీమే గుర్తొస్తుంది, నెల్లూరు పేరు కూడా ఆ కాగితంలో ఉందని మనవాళ్ళకే తెలియదు. సోషలు పాఠం చెప్పేవారు ఈ ముక్క పిల్లలకు చెబితే బాగుంటుంది.

స్వాతంత్ర్యం వచ్చాక ఢిల్లీ మనసు మారింది. దేశం అప్పుడే మతం పేరుతో రెండయింది. మళ్ళీ భాష పేరుతో ముక్కలు చేస్తే ఏమవుతుందో అని నెహ్రూ భయం. ఆ భయాన్ని ఇప్పుడు కూర్చొని తప్పు పట్టడం సులువు. 1948లో దార్ కమిషన్ భాషా రాష్ట్రాలు వద్దంది. తరువాత నెహ్రూ, పటేల్, మన పట్టాభి సీతారామయ్య గారు కూర్చొని 1949లో ఇచ్చిన నివేదిక కొంచెం మెత్తబడింది. మద్రాసు నగరం మీద ఆశ వదులుకుంటే ఆంధ్ర రాష్ట్రం ఇవ్వవచ్చు అన్నది. ఇక్కడే బండి ఇరుక్కుంది. మద్రాసు మనదే అన్న పట్టు మనవాళ్ళు వదల్లేదు. జార్జిటౌనులో తరతరాలుగా ఉన్నవాళ్ళకు అది పరాయి ఊరు అని ఎలా ఒప్పించడం? ప్రకాశం పంతులు గారు విభజన కమిటీలో తన అసమ్మతి రాసి ఇచ్చారు. వ్యవహారం మూలన పడింది.

1951 ఆగస్టు 15న స్వామి సీతారాం, అంటే గొల్లపూడి సీతారామశాస్త్రి గారు, దీక్షకు కూర్చున్నారు. 35 రోజుల తరువాత వినోబా భావే మాట మీద విరమించారు. రాష్ట్రం రాలేదు. 1952 ఎన్నికల్లో తెలుగు జిల్లాల్లో కాంగ్రెసు చావుదెబ్బ తిన్నది. 140కి పైగా స్థానాల్లో 43 మాత్రమే గెలిచింది. అయినా ఢిల్లీ కదల్లేదు.

అప్పుడు నెల్లూరు వీధుల్లో అట్ట కట్టుకొని తిరిగే మనిషి మద్రాసు వెళ్ళారు.

1952 అక్టోబరు 19న దీక్ష మొదలైంది. పెద్ద మైదానం లేదు, పందిరి లేదు. ఆంధ్ర కాంగ్రెసు కమిటీ మద్దతుగా ముందుకు రాలేదు. ఈయన దీక్షలు ఇదివరకు చూసినవాళ్ళే కదా, మరో చాదస్తం అనుకున్నారు. చోటిచ్చినవారు బులుసు సాంబమూర్తి గారు. ఒకప్పుడు మద్రాసు శాసనసభకు స్పీకరుగా చేసిన ఆయన, మైలాపూరు రాయపేట హైరోడ్డులో తాను ఉంటున్న 126 నంబరు ఇంట్లో శ్రీరాములు గారికి మంచం వేశారు.

మొదటి వారాల్లో పత్రికలు కూడా పెద్దగా పట్టించుకోలేదు. దీక్షలు వస్తుంటాయి, పోతుంటాయి. పది రోజులకో ఇరవై రోజులకో ఎవరో పెద్దమనిషి వచ్చి నిమ్మరసం ఇస్తాడు, ఫొటో పడుతుంది, అయిపోతుంది. ఈయన విషయంలో అలా జరగదని నెల్లూరువాళ్ళకు తెలిసి ఉండాలి. 1946లో ఆయన్ని కదిలించగలిగింది గాంధీజీ మాట ఒక్కటే. 1952 నాటికి గాంధీజీ లేరు. దీక్ష విరమించమని చెబితే ఆయన వినే మనిషి ఈ భూమి మీద లేకుండా పోయారు. ఈ సంగతి ఢిల్లీలో ఎవరికీ తట్టలేదు.

నవంబరు గడిచింది. ఆయన ఒళ్ళు కరిగిపోతూ వచ్చింది. తెలుగు ఊళ్ళ నుంచి ఢిల్లీకి తంతులు పోవడం మొదలైంది. డిసెంబరు 3న నెహ్రూ మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీకి రాస్తూ, ఆంధ్ర కోసం ఏదో దీక్ష జరుగుతోందట, దాన్ని లెక్కచేయను అన్న ధోరణిలో రాశారు. అప్పటికి దీక్ష 46వ రోజు. తొమ్మిది రోజులు గడిచాక, డిసెంబరు 12న, మళ్ళీ రాజాజీకి రాస్తూ ఇక ఆంధ్ర రాష్ట్రం డిమాండును ఒప్పుకోవాల్సిన సమయం వచ్చినట్టుంది అన్నారు. మనసు మారింది. కానీ మారిన మనసు మంచం దగ్గరికి చేరేలోగా అయిపోయింది. డిసెంబరు 15 రాత్రి శ్రీరాములు గారు కన్నుమూశారు. 58 రోజులు.

అంతిమయాత్రలో ఘంటసాల గారు పాడుతూ నడిచారు. దారిపొడవునా జనం చేరారు. మరుసటి రోజు నుంచి నెల్లూరు మొదలు ఉత్తరాంధ్ర దాకా ఊళ్ళు భగ్గుమన్నాయి. రైళ్ళు ఆగిపోయాయి, ప్రభుత్వ ఆఫీసుల మీద దాడులు జరిగాయి, పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. జీవితంలో ఎవరి మీదా చేయి ఎత్తని మనిషి పేరు మీద ఇదంతా జరిగింది. డిసెంబరు 19న నెహ్రూ పార్లమెంటులో ప్రకటన చేశారు. ఆంధ్ర రాష్ట్రం వస్తుంది, మద్రాసు నగరం మాత్రం అందులో ఉండదు. 58 రోజులు కదలని ప్రభుత్వం నాలుగు రోజుల్లో కదిలింది.

ఈ నాలుగు రోజుల గురించి నాకు ఎప్పుడూ ఒక బాధ. ఆయన మాట బతికుండగా వినడానికి ఏం అడ్డు వచ్చింది? పార్టీ లెక్కలు, మద్రాసు పేచీ, ఢిల్లీ భయాలు అన్నీ ఉన్నాయి. వాటితోపాటు ఆయనకు పడ్డ పిచ్చివాడన్న ముద్ర కూడా ఉంది. ఆ ముద్ర వేసినవాళ్ళలో మన ఊళ్ళవాళ్ళే ఉన్నారు. గుడి ముందు కూర్చున్న రోజున ఆయన్ని సరిగ్గా చూసి ఉంటే, మైలాపూరులో పడుకున్న రోజున ఈ మనిషి అన్నంత పనీ చేస్తాడని కేకవేసి చెప్పగలిగేవాళ్ళం.

తరువాతి సంగతులు పుస్తకాల్లో ఉన్నాయి, గబగబా చెబుతాను. జస్టిస్ వాంఛూ లెక్కలు తేల్చారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. పదకొండు జిల్లాలు, బళ్ళారి నుంచి వచ్చిన ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు. ప్రకాశం పంతులు గారు మొదటి ముఖ్యమంత్రి. 1954 జులైలో హైకోర్టు గుంటూరుకు వచ్చింది. దావా వేసిన నెల్లూరు రైతు మద్రాసు రైలెక్కడం అప్పుడు ఆగింది. అదే ఏడాది తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మొదలైంది. మన బడి నుంచి డిగ్రీల దాకా వెళ్ళిన చాలామంది పట్టాల మీద ఉన్న ముద్ర ఆ యూనివర్సిటీదే. 1955లో మన బుచ్చిరెడ్డిపాళెం వాస్తవ్యులు బెజవాడ గోపాలరెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యారు. ఆంధ్ర ఇచ్చాక కన్నడిగులు, మలయాళీలు, మరాఠీలు ఊరుకుంటారా? 1953 చివరిలోనే రాష్ట్రాల పునర్విభజన సంఘం వేయాల్సి వచ్చింది. 1956లో దేశపటం మళ్ళీ గీశారు.

రాష్ట్రం వచ్చింది సరే, రాష్ట్రంలో తెలుగు వచ్చిందా? ఇక్కడ ఒడిస్సా మళ్ళీ గుర్తొస్తుంది. వాళ్ళు 1954లోనే ఒడియాను అధికార భాషగా చట్టం చేసుకున్నారు. మనం, భాష పేరు మీద ఒక మనిషిని పోగొట్టుకున్నవాళ్ళం, అధికార భాషా చట్టం చేసుకునేసరికి 1966 వచ్చింది. చట్టం చేసిన తరువాత కూడా ఆఫీసులో తెలుగు ఏ మేరకు నడిచిందో మన సంఘంలో రెవెన్యూలో, పంచాయతీల్లో, బ్యాంకుల్లో పనిచేసి రిటైరయిన మిత్రులకు నాకంటే బాగా తెలుసు. పాసుపుస్తకంలో పేరు తప్పుపడితే దాన్ని దిద్దించడానికి రాసే అర్జీ ఏ భాషలో రాయాలని అడిగేవాళ్ళు మన తీరంలో ఇప్పటికీ ఉన్నారు. పట్టపుపాళెంలో వలలు అల్లుకొనే మనిషికి తుపాను హెచ్చరిక, సబ్సిడీ ఫారం, కోర్టు నోటీసు తన మాటలో అందాలి. భాషా రాష్ట్రం అంటే ఆ మనిషికి కావలసింది అదే. పండితుల గొప్పలు అతనికేం పని?

శ్రీరాములు గారు భాషా పండితుడు కాదు. తెలుగు గొప్పతనం మీద పుస్తకాలు రాసినవారు కాదు. ఆయన్ని భాషాభిమానిగా మాత్రమే చూపించడం నాకు నచ్చదు. మూలపేట గుడి తలుపు దగ్గర కూర్చున్నప్పుడూ, మైలాపూరులో మంచం మీద ఉన్నప్పుడూ ఆయన అడిగింది మూసి ఉన్న చోటికి బయటవాళ్ళని రానివ్వమనే. ఆయన విగ్రహాలకు దండలు వేసేవాళ్ళు రెండోదాన్ని తలుచుకుంటారు, మొదటిదాన్ని దాటేస్తారు. ఎందుకంటే రెండోదానిలో తప్పు ఢిల్లీవాళ్ళది, మొదటిదానిలో తప్పు మనది.

మన బడిలో కూడా ఆయన ఫొటో ఒకటి పెట్టాలని సంఘం వార్షిక సమావేశంలో కొందరు మిత్రులు అన్నారు. పెడదాం. పెట్టినప్పుడు కింద 58 రోజుల సంగతితోపాటు మూలపేట సంగతి కూడా ఒక వరుస రాయించాలని నా విన్నపం. పుట్టిన తేదీ, పోయిన తేదీ సరిగ్గా వేయించాలి: 1901 మార్చి 16, 1952 డిసెంబరు 15.

ఆయన పోయిన ఇల్లు ఇప్పుడు స్మారక భవనం. అది మన రాష్ట్రంలో లేదు, చెన్నైలో ఉంది. ఆయన పుట్టిన ఊరూ అదే, దీక్ష చేసిన ఊరూ అదే, అడిగిన రాష్ట్రంలోకి రాకుండా పోయిన ఊరూ అదే. ఆస్పత్రి పని మీదనో, పెళ్ళి బట్టల కోసమో మనవాళ్ళు నెలకొకరైనా చెన్నై పోతుంటారు. మైలాపూరులో లజ్ దగ్గరికి వెళితే, రాయపేట హైరోడ్డులో 126 నంబరు ఎక్కడని అడగండి.